కుర్చీ వెనక నిలబడ్డోళ్ల లెక్క

మా ఫలక్‌నుమా గల్లీల ఇప్పటికీ కొందరు అంటరు, గులాం నబీ బిడ్డ కుబ్రాకు సర్టిఫికెట్ తలకెక్కింది, ఆ పొగరుతోని ఉన్న కొలువు పోగొట్టుకున్నది, దావత్‌కు వచ్చిన చుట్టాలను తినకుండ పంపింది అని. అననియ్యి. నేను పక్కన నిలబడి చూసినోన్ని. జరిగింది జరిగినట్టు రాస్తున్న. ఎవరికన్న కోపమొస్తే నా ఇల్లు రైల్వే స్టేషన్ వెనక రెండో గల్లీల ఉన్నది, వచ్చి నా మొఖం మీదనే అడగొచ్చు.

నా మాట ఎందుకు నమ్మాలె అంటే అది గూడ చెప్త. నా పేరు రామ్‌చందర్. డెబ్బై ఒకటి నిండినయి. మా ఊరి బళ్లె ఏడో తరగతి దాక చదివిన. ఒక్కటే గది, ఒక్కడే సారు, కని ఇరవయ్యో ఎక్కం నిద్రల లేపి అడిగినా తప్పులేకుండ చెప్పేటోన్ని. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిల అగ్నిమాపక శాఖల ఫైర్‌మన్‌గ చేరి, ముప్పై మూడేండ్లు చేసి, లీడింగ్ ఫైర్‌మన్‌గ దిగిన. రెండు వేల మూడు వందల చిల్లర మంటలు చూసిన. గోదాములు, కార్ఖానాలు, గడ్డివాములు, ఒకపారి నీళ్ల ట్యాంకర్ గూడ అంటుకుంటే ఆర్పిన, నమ్మకుంటే నీ ఇష్టం. పైపు పరిచి నాజిల్ బిగించే పోటీల మా స్టేషన్‌కు నాలుగేండ్లు వరుసగ మొదటి బహుమతి తెచ్చింది ఈ చేతులే. ఆగస్టు పదిహేను నాడు పరేడ్ మైదానంల పతకం పెట్టిర్రు. నూట నలభై మందికి నిచ్చెన ఎక్కుడు నేర్పిన. నా భార్య ఆండాలు ఇది చదివితే "మొదలుపెట్టిండు" అంటది. పెట్టిన. చేసిన పని చెప్పుకుంటే తప్పేంది?

ఇగ కుబ్రా సంగతి. ఆమె నాయన గులాం నబీ దావత్‌లకు కనాత్‌లు కట్టేటోడు. కనాత్ అంటే గుడ్డ గోడ, ఆడోళ్ల దిక్కు, మొగోళ్ల దిక్కు వేరుచేసేది. ఒకపారి ఆయన షామియానాల కరెంటు వైరు చూసి నేను లొల్లి పెట్టిన. ఆయన గూడ పెట్టిండు. ఆ లొల్లిల నుంచే దోస్తులమైనం. ఆయన పోయి ఆరేండ్లయింది. కుబ్రా నన్ను చిన్నప్పటి సంది చాచా అంటది. ఉర్దూ మీడియంల పది పాసైంది. పెండ్లయింది, భర్త షాబాజ్ ఏసీలు బాగుచేస్తడు, మాట తక్కువ మనిషి. ఒక్క బిడ్డ, యుస్రా, డిగ్రీ చదువుతున్నది. కుబ్రాకు నలభై రెండేండ్లు. గుల్‌నార్ ఫంక్షన్ హాల్ల పన్నెండేండ్ల సంది జనానా దిక్కు, అంటే ఆడోళ్ల దిక్కు, అంత ఆమె చేతుల మీదనే నడిచేది. ఎవరిని ఎక్కడ కూసోబెట్టాలె, ఏ ముసలమ్మకు మెత్తటి బొక్కలేని ముక్క ఎయ్యాలె, అలిగిన ఆడబిడ్డను ఎట్ల బతిలాడాలె, అన్ని ఆమెకు ఎరుకే.

రెండేండ్ల కింద ఆ హాల్‌కు బీమా ఇచ్చే కంపెనీ కొత్త షరతు పెట్టింది. పెద్ద భవనాలల్ల మంట అంటకుండ ఏం చెయ్యాలె, అంటితే లోపలున్న మనుషులు ప్రాణాలతోని బైటపడేటందుకు తలుపులు, మెట్లు, దారులు ఎట్లుండాలె, ఈ నియమాలన్ని చదివి పరీక్ష పాసైన మనిషి హాల్ల ఒకరుండాలె. హాల్ల ఎంతమంది పట్టొచ్చో ఆ మనిషే కొలిచి, రాసి, సంతకం పెట్టాలె. ఆ సంతకం లేకుంటే బీమా లేదు.

హాల్ యజమాని హమ్మాద్ సేఠ్ కుర్రోడు, నలభై లోపే. కుబ్రాను పిలిచి, "ఆపా, నువ్వే పరీక్ష రాయి. ఫీజు నాది. పాసైతే నీ ఫోటో ముందట గోడకు పెడ్త" అన్నడు.

"నేనా సేఠ్? ఇంగ్లీషుల ఉంటదంట కదా."

"నువ్వు నెమ్మదస్తురాలివి. చెప్పిన మాట వింటవు. నువ్వైతేనే బాగుంటది."

ఆ మాట నాకు వచ్చి చెప్పినప్పుడు కుబ్రా నవ్వింది. నేను నవ్వలే. చెప్పిన మాట వినేటోళ్లు ఎందుకు కావాల్నో నాకు ఎరుకే. ఇంత సర్వీసుల సంతకాలు ఎట్ల పెట్టించుకుంటరో చూడలేదా నేను.

పుస్తకం వచ్చింది. ఐదు వందల పేజీలు. ఆండాలు దాన్ని రెండు చేతులతోని లేపి చూసి, "ఇది చదివేదా, పచ్చడి జాడీ మీద బరువు పెట్టేదా" అన్నది. ఆ పరీక్షల ఒక ఇచిత్రమున్నది. పుస్తకం ముందట పెట్టుకొని, చూసి రాయొచ్చు. "చూసి రాసేదానికి పరీక్ష ఎందుకు, నేను గూడ రాస్త" అన్నది ఆండాలు. నాకు గూడ మొదట గట్లనే అనిపించింది. తర్వాత తెలిసింది. వంద ప్రశ్నలు, మూడు గంటలు. ఒక ప్రశ్నకు రెండు నిమిషాలు గూడ లేవు. ఏ మాట ఏ పేజీల ఉన్నదో వేళ్లకు తెలిసినోళ్లే గట్టెక్కుతరు. తెలియనోళ్లు పేజీలు తిప్పుకుంట తిప్పుకుంట టైం పోగొట్టుకుంటరు.

రోజు సాయంత్రం నమాజు అయినంక తల్లీబిడ్డలు మా ఇంటికి వచ్చేది. ముందర గద్దె మీద కూసునేది. యుస్రా ఇంగ్లీషుల చదివేది. నాకు ఇంగ్లీషు పొడిపొడిగ వస్తది, కని మంట భాష నాకు వచ్చినంత యుస్రాకు రాదు కదా. ఆ పిల్ల చదివిన దానికి నేను చూసిన మంటల నుంచి అర్థం చెప్పేటోన్ని. తలుపు బైటికే ఎందుకు తెరుచుకోవాలె అని పుస్తకంల ఒక్క లైన్ల రాసిర్రు. నేను దానికి అర్ధగంట చెప్పిన. లోపలికి తెరుచుకునే తలుపు మీద జనం వచ్చి పడితే, గుంజేటందుకు జానెడు జాగ గూడ ఉండది. ముందటోడు గుంజుతుంటడు, వెనకటోళ్లు తోస్తుంటరు. కుబ్రా అదంత విని దక్కనీల, అంటే మా దిక్కు ఉర్దూల, ఒక్క ముక్కల తనకు తాను చెప్పుకునేది. అంతే, ఇగ మరిచేది కాదు.

పేజీలకు గుర్తులు పెట్టుకోవచ్చు, కని ఊడిపోయే కాగితాలు లోపలికి తేనియ్యరు. కుబ్రా ఏం చేసిందో తెలుసా? దుపట్టాల అంచుకు కుట్టే గోటా పట్టీ తెచ్చి, తుంపులు తుంపులు చేసి, సూది దారంతోని పేజీలకు కుట్టింది. తలుపులకు ఆకుపచ్చది, మెట్లకు ఎర్రది, పొగకు తెల్లది, మనుషుల లెక్కకు బంగారు రంగుది. ఆ పుస్తకం పెండ్లికూతురు లెక్క మెరిసేది. అమీర్‌పేట దిక్కు ఒక కంప్యూటర్ సెంటర్ల పరీక్ష. అక్కడ కాపలా సారు గోటాను పట్టి గుంజి చూసిండంట. ఊడలే. ఇంకోపారి గుంజిండు. కుబ్రా, "సార్, లెహెంగాకు కుట్టే కుట్టు అది. పేజీ చినుగుతది గని అది ఊడదు" అన్నదంట. లోపలికి పోనిచ్చిండు.

మొదటిపారి ఫెయిలైంది. మూడు మార్కులు తక్కువ.

తలుపుల మార్కులు వచ్చినయి, మెట్లవి వచ్చినయి. ఒక జాగల ఎంతమంది పడతరు అనే భాగంల సున్నా. ఒక్కటంటే ఒక్కటి రాలే. బంగారు గోటా కుట్టిన భాగమే. మా గద్దె మీద కూసోని కోపంతోని ఊగిపోయింది.

"చాచా, నువ్వే చెప్పు. తినే హాల్, ఇంత పొడవు, ఇంత వెడల్పు, రెండు వందల కుర్చీలు అని ఇచ్చిర్రు. ఎంతమంది అని అడిగిర్రు. రెండు వందలు అని పెట్టిన. ఎట్ల తప్పయితది?"

"జాగ కొలతతోని లెక్కెయ్యాలె అని చదివినం కదా అమ్మీ" అన్నది యుస్రా.

"కుర్చీల లెక్క ఇచ్చినంక కొలత ఎందుకే? పన్నెండేండ్లు చేసిన నేను. ఒక బంతికి నాలుగు వందల ప్లేట్లు అంటే నాలుగు వందల మంది. కుర్చీ లేనోడు ఎక్కడికెళ్లి వస్తడు?"

ఉన్నమాట చెప్తున్న. నేను గూడ ఉద్యోగంల ఉన్నన్ని రోజులు దావత్ జాగకు పోతే మొదట అడిగింది అదే, ఎన్ని ప్లేట్లు అని. ఈ పట్నంల అందరం గంతే. హాల్ మాట్లాడేటప్పుడు ప్లేట్లు, వంట మాట్లాడేటప్పుడు ప్లేట్లు, మనుషులను ఎవడూ లెక్కపెట్టడు.

"ఈ శుక్రవారం మీ హాల్ల దావత్ ఉన్నదా?" అని అడిగిన.

"ఉన్నది."

"నువ్వు జనానాల నిలబడు. నేను మర్దానాల, మొగోళ్ల దిక్కు, నిలబడ్త. కుర్చీలు వదిలిపెట్టు. తలకాయలు లెక్కపెట్టు."

కుబ్రా చార్మినార్ దగ్గర వేలుకు తొడుక్కునే తస్‌బీ మిషన్లు రెండు తెచ్చింది. బొటనవేలుతోని నొక్కితే ఒక్కొక్క అంకె పెరుగుతది. జపం చేసుకునేది ఇంట్ల వేరే ఉన్నది, ఇవి లెక్కకే అన్నది. పగటి దావత్. నేను మర్దానాల మెట్ల మీద నిలబడి నొక్కిన.

నువ్వు పాతబస్తీ దావత్‌కు పోయినోడివైతే నీకు ఎరుకే. తినేటోడు కూసుంటడు. వాని కుర్చీ వెనక, కుర్చీ వీపు మీద చెయ్యేసి, రెండో బంతికి తినేటోడు నిలబడ్తడు. వాడు అట్ల నిలబడకుంటే వానికి కుర్చీ దొరకది. తినేటోడు ఏమనుకోడు, వాడు గూడ ఇందాక గట్లనే నిలబడ్డడు. పెండ్లాం పిల్లలు గట్లనే, ముసలోళ్లు గట్లనే. మధ్యల బిర్యానీ తెచ్చేటోడు పళ్లెం నెత్తి మీదికెత్తి పక్కవాటంగ దూరుతడు. డెబ్బై ఏండ్లల్ల నేను ఎన్ని కుర్చీల వెనక నిలబడ్డనో లెక్కలేదు. ఆ రోజు మొదటిసారి చూసిన. చూసిన అంటే, ఫైర్‌మన్ లెక్క చూసిన.

కుబ్రా ఫోన్ చేసింది. "చాచా, నా దిక్కు ఎనిమిది వందల ముప్పై. ఒళ్లె పిల్లలను లెక్కపెట్టలే."

"కుర్చీలు?"

"నాలుగు వందలు." ఫోన్ల ఏదో తలుపు కదిలించిన చప్పుడు వినపడ్డది. "చాచా, వెనక తలుపుకు తాళమున్నది."

ఆ సాయంత్రం గద్దె మీద కూసోని నేను వాళ్లకు ఒక సంగతి చెప్పిన. ఆండాలుకు గూడ అప్పటిదాక చెప్పలే. పతకం వచ్చిన ముందటేడు, మూసీ అవతల ఒక రేకుల షెడ్డుల దావత్‌కు మంట అంటుకున్నది. మేము పోయేవరకు జనం రోడ్డు మీద ఉన్నరు. ఇంటాయనను అడిగిన, అందరు బైటికొచ్చిర్రా అని. "వచ్చిర్రు, తింటున్నోళ్లందరు వచ్చిర్రు" అన్నడు. ఎన్ని ప్లేట్లు అంటే నూట యాభై అన్నడు. రోడ్డు మీద నూట యాభైకి ఎక్కువనే కనపడ్డరు. మేము మంట ఆర్పే పనిల పడ్డం. తన వంతు కోసం పక్క అర్రల కూసున్న ముసలామె ఒకతి ఉన్నది. ఆమె ప్లేటు ఇంకా పడలే కాబట్టి ఎవరి లెక్కల లేదు. మంట ఆ అర్రకు పోనే లేదు. పొగ పోయింది. నేనే ఎత్తుకొచ్చిన, కని ఆలస్యమైంది.

యుస్రా పుస్తకం మూసింది. ఆండాలు లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. కుబ్రా బంగారు గోటా పేజీ తెరిచి, "ఒక మనిషికి పదిహేను చదరపు అడుగులు. యుస్రా, ఇంకోపారి చదువు" అన్నది.

మూడు నెలలకు రెండోపారి రాసింది. వందకు ఎనభై తొమ్మిది. నా పోటీలల్ల గూడ నాకు అంత సంతోషం కాలే. మా గల్లీల మిఠాయి పంచింది షాబాజ్. "మీరు చెప్పిన చదువే, చాచా" అని నా చేతిల డబ్బా పెట్టిండు. ఆయన ఆ నెలల మాట్లాడిన పెద్ద మాట అదే.

ఇగ సంతకం. కుబ్రా జనానాను కొలిచింది. అరవై అడుగులు, డెబ్బై ఐదు అడుగులు. నాలుగు వేల ఐదు వందలు. దాన్ని పదిహేనుతోని భాగించు. మూడు వందలు. కూసున్నోళ్లు, నిలబడ్డోళ్లు అందరు కలిసి మూడు వందలు. అది గూడ రెండు తలుపులు తెరుచుకుంటేనే. వెనక తలుపు మర్దానా వాకిట్లకు తెరుచుకుంటది, అందుకని పర్దా కోసం బిగించి తాళమేసిర్రు.

జనానా కాగితం మీద హమ్మాద్ సేఠ్ ముందే నాలుగు వందలు అని టైపు కొట్టించి పెట్టిండు. నన్ను గూడ తోడు తీసుకపోయింది కుబ్రా. నేను కుర్చీల కూసున్న, ఆమె నిలబడ్డది.

"సేఠ్, నాలుగు వందలు కాదు, మూడు వందలు. వెనక తలుపు తాళం తియ్యాలె."

"తాళంచెవి నా జేబుల్నే ఉంటది కదా ఆపా. ఏమన్న అయితే తీస్త."

"పొగొచ్చినప్పుడు ఆడోళ్లు మీ జేబు ఎక్కడ ఎతకాలె?"

"మరి పర్దా?"

"తలుపుకు నాలుగు అడుగుల అవతల మా అబ్బా వాడిన కనాత్ కడ్త. గుడ్డ కాబట్టి తోస్తే పక్కకు జరుగుతది. పర్దా ఉంటది, దారి ఉంటది."

తలుపు సంగతి ఆయన పక్కన పెట్టిండు. అంకె మీద మాత్రం దిగలే. "మూడు వందలంటే ఎట్ల నడుస్తది? మిగిలినోళ్లు ఎక్కడ ఉండాలె?"

"వాకిట్ల షామియానా ఎయ్యున్రి, కుర్చీలు ఎయ్యున్రి, షర్బత్ ఇయ్యున్రి. పిలిచినప్పుడు లోపలికి వస్తరు."

"పాతబస్తీల చుట్టాన్ని బైట కూసోబెట్టుడా? పెండ్లి పిల్లల అమ్మనాయనలు ఇజ్జత్ పోయిందని నా గల్లా పట్టుకుంటరు. కుర్చీ వెనక నిలబడేది మన తాతల కాలంనాటిది." నా దిక్కు తిరిగిండు. "చాచా, మీరన్న చెప్పున్రి. మీరు నిలబడలేదా?"

"నిలబడ్డ" అన్న. "మంట నా కుర్చీ దగ్గర అంటలే, గంతే."

సేఠ్‌కు కోపమొచ్చింది. "పంపించి చదివిపించింది నేను. ఫీజు కట్టింది నేను."

"హౌ సేఠ్. చదివిన. అందుకే పెడ్తలేను" అన్నది కుబ్రా.

వేరేటోళ్లతోని పెట్టించుకోవచ్చు కదా అంటే, కంపెనీ దగ్గర కుబ్రా పేరు ఎక్కిపోయింది. పేరు మార్చాలంటే మళ్ల మొదటి నుంచి, పెండ్లిళ్ల దినాలు నెత్తి మీదికొచ్చినయి. అప్పుడు కుబ్రా ఒక షరతు, అంటే పందెం, పెట్టింది. ఒక్క దావత్ నాకియ్యున్రి, మూడు వందలతోని నడిపి చూపిస్త అన్నది. షరతు పెట్టేముందు నన్ను అడగలే.

"ఒక్కరు గూడ తినకుండ పోవద్దు" అన్నడు సేఠ్. "పోతే?"

"పోతే జనానా తాళాలు మీ బల్ల మీద పెట్టి ఇంటికి పోత."

నవంబరుల ఒక ఆదివారం, పగటి వలీమా, పెండ్లికొడుకు దిక్కోళ్లు ఇచ్చే దావత్. కుబ్రా పొద్దుగాల ఆరింటికే పోయింది. వెనక తలుపు తాళం తీయించింది, అవతల కనాత్ కట్టించింది. జనానా ముందటి వాకిట్ల షామియానా, కుర్చీలు, గులాబీ షర్బత్. నేను మర్దానా వాకిట్ల కూసోని ఆ కనాత్‌కు ఎవరూ బల్లలు అడ్డం పెట్టకుండ చూసిన. ఇద్దరు పెట్టబోయిర్రు, లేపిన.

కుబ్రా ముందట తలుపు దగ్గర నిలబడ్డది, వేలికి మిషన్. మూడు వందలు పడంగనే చెయ్యి అడ్డం పెట్టింది. అక్కడ జరిగింది ఆమె నాకు చెప్పింది, తర్వాత ఇంకో నలుగురు గూడ గట్లనే చెప్పిర్రు. మూడు వందల ఒకటో మనిషి పెండ్లికొడుకు పెద్ద మేనత్త. వెనక ఆమె కోడలు.

"జరుగమ్మా" అన్నది ఆమె.

"ఫుప్పీ, ఒక్క బంతి ఆగున్రి. మీకు ఫ్యాన్ కింద కుర్చీ ఏయించిన."

"నా తమ్ముని కొడుకు వలీమా. నేను వాకిట్ల కూసోవాల్నా? పనోళ్లు కూసునే జాగల?"

"నేను గూడ అక్కడ్నే కూసుంట, మీ పక్కనే."

"నువ్వు కూసో. నీకు అలవాటే."

కోడలు, "అమ్మీ, లోపల జాగ కనపడుతనే ఉన్నది, కుర్చీల మధ్యల ఎంతుందో చూడు" అన్నది. అవును, ఉన్నది. జాగ ఉన్నట్టు కనపడుడే ఆ రోజు ఇశేషం. బిర్యానీ తెచ్చేటోళ్లు ఎదురుగ నడిచి పోతున్నరు. పిల్లలు ఉరుకుతున్నరు. వీపు మీద ఎవరి చెయ్యి లేకుండ ఆడోళ్లు తిన్నరు.

"ఆ జాగ నడిచేటందుకు బేటా, నిలబడేటందుకు కాదు" అన్నది కుబ్రా.

లోపలి నుంచి పెండ్లికొడుకు తల్లి ఉరికొచ్చింది. "ఒక్కామె కదా కుబ్రా, పోనియ్యి. నీ కాళ్లు మొక్కుత." వాకిట్ల ఉన్నోళ్లు అందరు లేచి చూస్తున్నరు. ఒక్కామెను పంపితే ఇంకో నాలుగు వందల మంది కాళ్లు కదులుతయని కుబ్రాకు ఎరుకే. వాళ్లకు గూడ ఎరుకే. అందుకే చూస్తున్నరు.

"లోపల నుంచి ఒకరు వస్తే ఒకరిని పంపుత ఆపా. మీరొచ్చిర్రు కదా బైటికి. మీరు ఇక్కడ ఉంటనంటే ఫుప్పీని పంపుత."

పెండ్లికొడుకు తల్లి లోపల అతిథులను చూసుకోవాలె, ఉండలేదు. మేనత్త చెప్పులు తొడుక్కున్నది. కోడలిని పిలిచి, ఆటో ఎక్కి పోయింది.

నాలుగు గంటల వరకు మూడు బంతులు అయిపోయినయి. జనానాల ఎనిమిది వందల అరవై మంది తిన్నరు. ఇద్దరు తినకుండ పోయిర్రు.

హమ్మాద్ సేఠ్ ఆఫీసుల ఏసీ ఏసుకొని కూసున్నడు. కుబ్రా తాళాల గుత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. పన్నెండేండ్ల తాళాలు. ఆయన వాటిని చూసిండు, తర్వాత సొరుగుల నుంచి కాగితం తీసి ముందట పెట్టిండు.

"ఓడిపోయినవు ఆపా. నాకు సంతోషం లేదు. తాళాలు తీసుకో, సంతకం పెట్టు, అయిపోయింది. నాలుగు వందలు."

"తాళాలు ఓడిపోయిన సేఠ్. ఇచ్చిన. సంతకం మీద షరతు పెట్టలే."

"రెండు ఒకటే కదా."

"కాదు. కొలువు మీది, తీసుకోవచ్చు. సర్టిఫికెట్ల నా పేరున్నది."

ఆయన నా దిక్కు చూసిండు. నేను మీసం సదురుకున్న.

ఆ తర్వాత తొమ్మిది రోజులు కుబ్రా గల్లీల ఎన్ని మాటలు పడ్డదో. మేనత్త ఆకలితోని పోయి మంచం పట్టిందని ఒకరు. ఆడది తలుపుకాడ నిలబడి చుట్టాలను మేకల లెక్క లెక్కపెట్టిందని ఇంకొకరు. కిరాణా దుకాణంల మున్నా అనేటోడు, "ఏంది చాచా, ఇగ మా ఇంట్ల తినాలన్నా కుబ్రాను అడగాల్నా" అని నవ్విండు. "నీ దుకాణంల గ్యాస్ సిలిండర్లు మెట్ల కింద పెట్టినవు, ముందు అది అడుగుతది" అన్న. నవ్వు ఆగింది. సాయంత్రం వరకు సిలిండర్లు జరిగినయి.

పదో రోజు హమ్మాద్ సేఠ్ నడిచి మా గల్లీకి వచ్చిండు. కుబ్రా ఇంటి మెట్ల మీద కూసున్నడు. నేను ఎదురుంగ నా గద్దె మీద.

"ఆపా, మూడు వందల యాభై."

"నక్కో సేఠ్, వద్దు."

"ఇరవై ఐదు. మూడు వందల ఇరవై ఐదు. నీ మాట ఉంటది, నా మాట ఉంటది."

"బేగంబజార్ల గిన్నెలు బేరం చేస్తున్నరా? గోడలు జరపున్రి, ఇరవై ఐదు మందిని పెంచుత."

సేఠ్ నవ్వాలె అనుకున్నడు, నవ్వు రాలే. తర్వాత ఒక మాటన్నడు, అది ఆయన మీద నాకు గౌరవం తెచ్చింది. "మా ఆడోళ్లు ఆ రోజు జనానాల తిన్నరు. ఇంటికొచ్చి నన్ను అడిగిర్రు, ఇన్నేండ్లు వెనక తలుపు ఎందుకు మూసినవు అని." జేబుల నుంచి పెన్ను తీసి, నాలుగు వందలు కొట్టేసి, మూడు వందలు అని తన చేత్తోనే రాసిండు.

కుబ్రా కాగితం అందుకోలే. "తలుపు చూసినంక" అన్నది.

ముగ్గురం హాల్‌కు పోయినం. వెనక తలుపు తాళం తీయించి, లోపల నుంచి తోస్తే తెరుచుకునే అడ్డకడ్డీ పెట్టించిర్రు. కుబ్రా చేతులు వాడకుండ నడుముతోని తోసి చూసింది, రెండు చేతులల్ల పిల్లలుంటరు కదా ఆడోళ్లకు. తెరుచుకున్నది. కనాత్ గాలికి పక్కకు పోయింది. అప్పుడు గోడకు కాగితం పెట్టి సంతకం పెట్టింది. ఉర్దూల ఒకటి, ఇంగ్లీషుల ఒకటి.

సేఠ్ కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు. తాళాల గుత్తి మాత్రం ఇయ్యలే. "సంతకం వేరు, కొలువు వేరు అన్నది నువ్వే ఆపా" అన్నడు.

"అడగలే నేను" అన్నది కుబ్రా. ఆమె ఫోటో ఆ గోడ మీద పడలే. నాకు బాధనే. ఆమెకు లేదంటది, నేను నమ్మ, కని ఆమె అట్లనే అంటది.

ఇప్పుడు ఆమె ఒక్క హాల్‌ల పనిచేస్తలేదు. హాళ్లే ఆమెను పిలుస్తయి, అన్ని సంతోషంతోని కాదు. మొన్న బహదూర్‌పురాల ఒక కొత్త హాల్‌కు పోతుంటే నన్ను గూడ రమ్మన్నది. యజమాని లావుపాటి మనిషి, చేతులు కట్టుకొని గేటు దగ్గర్నే నిలబడ్డడు.

"వలీమాల పెండ్లికొడుకు మేనత్తను తినకుండ పంపింది నువ్వేనా?"

"నేనే" అన్నది కుబ్రా. "మీ హాల్ల మంది ఎంత?"

"ఐదు వందల ప్లేట్లు."

"ప్లేట్లు అడగలే సేఠ్." సంచిల నుంచి టేపు తీసి, కొస ఆయన చేతిల పెట్టింది. "ఆ గోడ దాక పోయి పట్టుకోన్రి. కిందికి వంగాలె. నేలకు ఆనాలె."

ఆయన నా దిక్కు చూసిండు. తర్వాత పోయి వంగిండు.